చికాకోల్ అని కొట్టి చూశావా?

"ఏటీ లేదు మేడమ్. మొత్తం వెతికేసినాను."

డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి. సెలవుల్లో చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి సొంత ఊరినే ఎంచుకుంది. ఆమదాలవలస దాటాక నాగావళి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. ఏరు ఎన్నిసార్లు పొంగింది, పాతకాలంలో వరదొస్తే జనం ఏం చేసేవారు, ఇదీ ఆమె రాయాలనుకున్నది. అంశం బాగుందని నేనే ఎగదోశాను. వారం తిరక్కుండా ఫోను పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చేసింది. తెర మీద ఇంగ్లీషులో 'నాగావళి ఫ్లడ్ హిస్టరీ' అని కొట్టి ఉంది. దాని కింద ఈమధ్య టీవీ వార్తలు, ఆ తర్వాత నాగావళి ఎక్స్‌ప్రెస్ ఏ స్టేషన్లో ఎన్నింటికి ఆగుతుందో ఆ వివరాలు.

"లాంగుల్యా అని కొట్టు. పక్కనే చికాకోల్ అని కూడా," అన్నాను.

నా వైపు అనుమానంగా చూసి కొట్టింది. స్పెల్లింగు రెండు మూడు రకాలుగా మార్చాక పాత గెజిటీర్, అంటే జిల్లాల వివరాలతో అప్పటి ప్రభుత్వం వేసిన పుస్తకం, అందులో పేజీ ఒకటి తెరుచుకుంది. 1876లో వచ్చిన వరదకి చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, దగ్గర ఏటి మీది వంతెన ఆర్చీలు కొన్ని కొట్టుకుపోయాయని అందులో ఒక వాక్యం. ఒక్క వాక్యమే. అయినా ఆ అమ్మాయి ఫోను రెండు చేతుల్తో పట్టుకుని మూడుసార్లు చదివింది.

"మన ఏటికి లాంగుల్యా అని పేరెవరు పెట్టినారు మేడమ్?"

లాంగలం అంటే నాగలి అనీ, బలరాముడు నాగలితో గీస్తే ఈ ఏరు పుట్టిందని ఊళ్లో ఉమారుద్ర కోటేశ్వరుడి గుడి దగ్గర ఇప్పటికీ చెబుతారనీ అన్నాను. "అయ్యో, ఇది మా నానమ్మ చెప్పిన కథే కదా" అంది. ఇంటర్నెట్టంతా గాలించిన పిల్లకి కావలసిన మాట ఇంట్లోనే, నానమ్మ మంచం దగ్గరే ఉంది. దాన్ని వెతకడానికి వాడుకోవచ్చని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆరోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. ఈ పన్నెండేళ్లలో ఈ-రిసోర్సుల మీద, డేటాబేసుల మీద నేను హాజరైన వర్క్‌షాపులు అయిదో ఆరో ఉంటాయి. అన్నిట్లోనూ ఒకటే పాఠం. రెండు మాటల మధ్య 'అండ్' పెడితే ఏమవుతుంది, 'ఆర్' పెడితే ఏమవుతుంది, కోట్స్‌లో పెడితే ఏమవుతుంది, ఎడమ పక్కన సంవత్సరాల ఫిల్టరు ఎలా జరపాలి. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్టు. అసలు పెట్టెలో ఏ మాట కొట్టాలన్నది ఎవరూ మాట్లాడరు. అది మనకి ముందే తెలిసిపోయి ఉంటుందని వాళ్ల లెక్క. మన జిల్లాల విషయంలో ఆ లెక్క తప్పు. మన గురించి సమాచారం లేదన్నది చాలాసార్లు నిజం కాదు. ఉంది, కాకపోతే మనల్ని వేరేవాళ్లు పిలుచుకున్న పేరు కింద ఉంది. ఖరీదైన డేటాబేసు పాస్‌వర్డు ఉన్నవాడికంటే ఆ పేర్లన్నీ తెలిసినవాడికే ఎక్కువ దొరుకుతుందని నా వాదన.

ఒకటే ఊరు, పది పేర్లు

శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అన్నారని ఇక్కడ చాలామందికి తెలుసు. కానీ అది క్విజ్ ప్రశ్నగా తెలుసు తప్ప వెతకడానికి పనికొచ్చే మాటగా తెలియదు. పాత శాసనాల్ని అచ్చేసిన ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాల్లో మన తూర్పు గంగరాజుల రాగిరేకులు చికాకోల్ శాసనాలు అనే పేరుతోనే ఉన్నాయి. శ్రీకాకుళం అని వెతికేవాడికి అవి కనబడవు.

ఊరి పేరుతో తిప్పలు ఇంతటితో ఆగవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లాలోవి. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న గానీ శ్రీకాకుళం సొంత జిల్లా కాలేదు. కాబట్టి 1880 నాటి సోంపేట గురించి కావాలంటే తెరవాల్సింది మాల్ట్‌బీ 1882లో వేసిన గంజాం జిల్లా మాన్యువల్ లాంటివి. మన పిల్లలు గంజాం అన్న అట్ట చూడగానే అది ఒడిశా వాళ్లదని పక్కకి నెట్టేస్తారు. అదే పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం అయితే ముందునుంచీ విశాఖపట్నం లెక్కలోనే ఉన్నాయి. వాటి కోసం కార్‌మైకేల్ 1869 మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజిటీర్ చూడాలి. ఇవన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. పాస్‌వర్డు అక్కర్లేదు, ఏ కాలంలో మనం ఎవరి కింద ఉన్నామో తెలిస్తే చాలు.

విజయనగరం వాళ్ల బాధ వేరే రకం. పాత కాగితాల్లో వాళ్ల ఊరి ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ఎ' తక్కువ. ఇప్పటి స్పెల్లింగు కొడితే పాతవి రావు. పాతది కొడితే సెర్చ్ ఇంజన్ మనకి స్పెల్లింగు రాదనుకుని జాలిపడి హంపీ విజయనగరానికి తీసుకుపోతుంది. మన విజయనగరాన్ని ఏలిన పూసపాటి వారి గురించి అడిగితే కృష్ణదేవరాయలు వచ్చి కూర్చుంటాడు. విజయనగరంలో పనిచేసే స్నేహితురాలొకావిడ మాట ఇది: "మా ఊరికి ఉన్న పెద్ద శత్రువు హంపీ వదినా."

వంశధార ఒడిశా కాగితాల్లో బంశధార. సవరలు ఒకచోట సవర, ఒకచోట సవొర, ఇంకోచోట సొర. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు చేశారు. ఇంగ్లీషు కేటలాగులో అవి 'సోరా' దగ్గర ఉంటే, జనగణన పట్టికల్లో అదే జనం 'సవర' దగ్గర ఉంటారు. రెండూ కలిపి వెతికిన సిద్ధాంత వ్యాసాలు నాకు తక్కువగానే కనబడ్డాయి. మొత్తం మన ప్రాంతానికే చూడండి: ఉత్తరాంధ్ర, కళింగాంధ్ర, ఉత్తర కోస్తా, పాత రోజుల్లో ఉత్తర సర్కారులు. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలుండే వెబ్‌సైటు శోధగంగలో ఈ నాలుగూ విడివిడిగా కొడితే నాలుగు వేర్వేరు జాబితాలు వస్తాయి. తెలుగు శాఖల్లో చేసిన సిద్ధాంత వ్యాసాల శీర్షికల్ని చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఎక్కించినవారు దీర్ఘానికి రెండు 'ఎ'లు పెట్టారా, ఒకటే పెట్టారా అన్నది మీ అదృష్టం.

దీనికి తోడు యంత్రం కంటిచూపు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాల్ని చదివే ఓసీఆర్ పెడితే, అక్షరాలు చెదిరిన చోట ఇంగ్లీషు 'సి'ని 'ఓ' అని చదువుతుంది. అప్పుడు చికాకోల్ కాస్తా 'ఓహికాకోల్' అయిపోతుంది. నేను ఇప్పుడు సిగ్గుపడకుండా ఆ తప్పు స్పెల్లింగుతో కూడా వెతుకుతాను. దొరుకుతాయి.

పేర్లు తెలిసినవాళ్లు కట్టిన ఇల్లు

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. కథానిలయం. కారా మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు కూడా పెట్టి 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. తెలుగు కథ అన్నది ఏ పత్రికలో అచ్చయినా దాన్ని తెచ్చి ఒకచోట చేర్చాలన్న పంతం. ఇప్పుడది వెబ్‌సైటులో కూడా ఉంది.

నాకు అక్కడ పుస్తకాలకంటే సూచిక మీద ఎక్కువ గౌరవం. తెలుగు రచయిత అంటేనే పేర్ల చిక్కు. అసలు పేరు ఒకటి, కలం పేరు ఒకటి, జనం పిలుచుకునేది ఇంకొకటి. కాళీపట్నం రామారావు, కారా. చాగంటి సోమయాజులు, చాసో. రాచకొండ విశ్వనాథశాస్త్రి, రావిశాస్త్రి. బయట లైబ్రరీ కేటలాగుల్లో ఒకే మనిషి ముగ్గురుగా విడిపోయి ఉండటం నేను చూశాను. పాతకాలపు వారపత్రికలో ఇంటిపేరు పొడి అక్షరాలతో అచ్చయిన కథ ఎవరిదో చెప్పాలంటే ఆ కాలంలో బతికి, ఆ పత్రికలు చదివి, ఆ మనుషుల్ని ఎరిగి ఉన్నవాళ్లు కావాలి. కథానిలయాన్ని అలాంటివాళ్లు కట్టారు. కంప్యూటర్ తర్వాత వచ్చింది.

ఇక్కడ నా వాదనకి నేనే ఒక అడ్డుపుల్ల వేసుకోవాలి. పేర్లు తెలిసిన పెద్దవాళ్లు లేకపోతే ఏమీ దొరకదు అనడం కొంచెం గుడి పూజారి మాటలాగా ఉంది. తాళం చెవి మా దగ్గరే ఉంది, మమ్మల్ని అడిగి లోపలికి రండి అన్నట్టు. నా ఉద్దేశం అది కాదు. ఈ పేర్లన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి ప్రతి కాలేజీ లైబ్రరీ గోడకి అంటిస్తే పని సగం అయిపోతుంది. అలా అంటించిన కాగితం నేను ఇంతవరకు ఏ కాలేజీలోనూ చూడలేదు, మా కాలేజీతో సహా. ఈ వ్యాసం రాస్తుండగానే గుర్తొచ్చింది, మా లైబ్రరీలో నేనే అంటించవచ్చు కదా అని.

మావయ్య కాగితం

మా అమ్మవాళ్లది కవిటి వైపు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం అది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మూడేళ్ల కిందట మా మావయ్యకి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే పెరిగేది అది. ఆ రోజు నుంచి మా కుటుంబం వాట్సాప్ గ్రూపు మెడికల్ కాలేజీ అయిపోయింది. నీళ్లలో సిలికా అని ఒకరు, జీడితోటల్లో కొట్టే మందులని ఒకరు, ఎండలో పనిచేసి చాలినన్ని నీళ్లు తాగకపోవడం అని ఒకరు, ఒళ్లునొప్పుల మాత్రలని ఇంకొకరు. అందరికీ లింకులున్నాయి.

నేను పబ్‌మెడ్‌లో కూర్చున్నాను. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే ఉచిత సూచిక అది, కోట్ల వ్యాసాల వివరాలు ఉంటాయి. ఉద్దానం అని కొడితే కొద్దిగానే వచ్చాయి. మధ్యలో 'హెచ్' పెట్టి కొడితే ఇంకాసిని. కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకి డాక్టర్లు వాడే పొట్టిపేరు సీకేడీయూ. అది కొట్టగానే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులు వచ్చారు. 'మెసో అమెరికన్ నెఫ్రోపతీ' అని కొడితే ఎల్ సాల్వడార్, నికరాగ్వాలో చెరుకు నరికే కూలీలు వచ్చారు. షుగరూ బీపీ లేకుండా, పొలం పనిచేసే మనుషులకి, వేడి ప్రాంతాల్లో, మావయ్యకి వచ్చిన లాంటి జబ్బే. ఉద్దానం అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చుంటే మావయ్య లాంటి మనుషులు ప్రపంచం అవతలి పక్క కూడా ఉన్నారని తెలిసేదే కాదు. మన గురించి రాసిన వ్యాసాల్లోనే కొన్ని ఉద్దానం మాట లేకుండా ఆంధ్రప్రదేశ్ తీరప్రాంతం అనో, దక్షిణ భారతం అనో శీర్షిక పెట్టుకున్నాయి.

ఇక్కడిదాకా నా వాదనకి బలమే. ఇక్కడినుంచి నాకు గుబులు మొదలైంది. పేరు దొరికాక వచ్చే తంటా వేరు, అది ఇంకా పెద్దది.

2019లో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఉద్దానంలో 2,210 మందిని పరీక్షిస్తే 18.23 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని. అది ఉచితంగా చదువుకోవచ్చు. మా గ్రూపులో తిరిగే ఫార్వర్డులో అది 'శ్రీకాకుళం జిల్లాలో అయిదుగురిలో ఒకరికి కిడ్నీలు పోయాయి' అని మారిపోయింది. ఉద్దానం జిల్లా అయిపోయింది. జబ్బు ఉండటం కాస్తా కిడ్నీలు పోవడం అయిపోయింది. ఇంకొన్ని వ్యాసాలు చూస్తే శాతాలు ఒకదానికొకటి పొంతన లేవు. మొదట ఎవరో అబద్ధం చెబుతున్నారనుకున్నాను. తర్వాత, ఫలితాలు వదిలేసి పద్ధతి రాసిన భాగం చదివాక అర్థమైంది. దీర్ఘకాలికం అనాలంటే తేడా మూడు నెలలకి పైగా ఉండాలన్నది వైద్యుల నిర్వచనం. కొన్ని సర్వేల్లో ఒక్కసారి రక్తం తీసి లెక్క కట్టేస్తారు, కొన్నిట్లో మూడు నెలలయ్యాక మళ్లీ తీస్తారు. క్రియాటినిన్ నుంచి కిడ్నీ పనితీరు అంచనా కట్టే సూత్రాలు కూడా ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి. జబ్బు పేరు ఒకటే, కొలిచింది వేరు.

వ్యాసం సారాంశం ఉచితంగా కనబడుతుంది, పద్ధతి రాసిన భాగం చాలాసార్లు తాళం వెనక ఉంటుంది. పరిశోధన పత్రికలకి కేంద్రమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి నుంచి వచ్చింది గానీ అది ప్రభుత్వ సంస్థలకి. మాలాంటి ప్రైవేటు కాలేజీవాళ్లు రచయితకి మెయిల్ పెట్టి అడుక్కోవాలి. అడిగితే చాలామంది పంపిస్తారు, అది వేరే సంగతి.

నెల తర్వాత ఇవన్నీ ఒక పుస్తకంలో రాసుకుని కవిటి వెళ్లాను. మావయ్యకి శ్రీలంక గురించి, ఎల్ సాల్వడార్ గురించి అరగంట చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఆయన కొబ్బరితోట 2018 అక్టోబరు తిత్లీ తుపానులో పడిపోయింది. అప్పటినుంచి ఎవరేం చెప్పినా అలాగే ఓపిగ్గా వింటాడు. చివర్న దిండు కింద నుంచి పలాస ఆసుపత్రి ల్యాబు కాగితం తీసి, "ఇది సరే గానీ అమ్మా, ఇందులో నాకేటైందని రాసున్నాది?" అని అడిగాడు.

నా పుస్తకంలో దానికి జవాబు లేదు. డేటాబేసు వెయ్యి మంది గురించి చెబుతుంది, ఆ వెయ్యిమందిలో మావయ్య ఎక్కడున్నాడో చెప్పాల్సింది ఆయన్ని చూసే డాక్టరు. నేను ఆ కాగితంలో అంకె చదివి, పోయిన నెలకంటే పెరగలేదని చెప్పాను. దానికే ఆయన సంతోషించాడు. నెల రోజుల నా చదువు మీద నాకు కాస్త కోపం వచ్చింది.

"రాజాం ఎక్కడుందమ్మా ఇప్పుడు?"

పేరు ఒకటే ఉండి లోపలి సరుకు మారిపోవడం గురించి నేను నేర్చుకున్నది నలుగురి ముందు పరువు పోగొట్టుకుని.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ఆ తర్వాత ఏడాది ఒక సభలో జిల్లా ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను శ్రద్ధగా జనగణన వెబ్‌సైటు నుంచి శ్రీకాకుళం జిల్లా జనాభా తీసుకున్నాను. 2011 లెక్క, 27,03,114. దాంతో ఆసుపత్రి పడకల్ని, డాక్టర్ల సంఖ్యని భాగించి లక్షకి ఎన్ని అని స్లైడు వేశాను. ప్రభుత్వ మూలం, అంకె కూడా చివరి స్థానం దాకా సరిగ్గా ఉంది. నాకు ధైర్యం.

వెనక వరసలో కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తారు. గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యారట. "అంతా బాగుందమ్మా. రాజాం ఎక్కడుందమ్మా ఇప్పుడు?" అన్నారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం, వంగర, రేగిడి, సంతకవిటి విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. 38 మండలాల జిల్లా 30 మండలాలది అయ్యింది. అదే 2011 లెక్కలో ఇప్పటి సరిహద్దుల లోపల ఉన్నది దాదాపు 22 లక్షలు. నేను కొత్త జిల్లా పడకల్ని పాత జిల్లా జనంతో భాగించాను. సభలో నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు, "అందరూ చేస్తారమ్మా, నేనూ చేశాను" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అప్పట్నుంచి చూస్తున్నాను, ఈ తప్పు ఎక్కడపడితే అక్కడ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019-21లో జరిగింది, కాబట్టి అందులో శ్రీకాకుళం పాత శ్రీకాకుళం. సీతంపేట పోయాక జిల్లాలో గిరిజనుల వాటా తగ్గింది. పాత అంకెని ఈనాటి జిల్లాకి అంటగట్టేసి పథకాల మీద వ్యాసాలు రాసేస్తున్నారు. తర్వాతి జనగణనకి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆ అంకెలు వచ్చాక 2011 పక్కన పెట్టి 'శ్రీకాకుళం జనాభా తగ్గిపోయింది' అని ఎవరో ఒకరు శీర్షిక పెడతారు చూడండి. నేను పందెం కాయడానికి సిద్ధం.

రిజిస్టరు పేరేమిటి?

సమాచార హక్కు చట్టాన్ని కూడా నేను ఇప్పుడు వెతుకులాట కిందే లెక్కేస్తున్నాను. మావయ్య ఊళ్లో బోరు నీళ్ల పరీక్షల ఫలితాలు కావాలని ఒక ఆఫీసుకి అర్జీ పెట్టాను. మండల స్థాయి కాబట్టి రుసుము 5 రూపాయలే. 'గ్రామంలో తాగునీటి నాణ్యత ఎలా ఉంది, కిడ్నీ వ్యాధులకు నీరే కారణమా' అని మంచి తెలుగులో రాశాను. ముప్పై రోజులు నిండే వేళకి జవాబొచ్చింది: కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లేదు.

నాకు ఒళ్లు మండింది. దాచేస్తున్నారని తీర్మానించుకున్నాను. మా కాలేజీలో అటెండరు అన్న ఒకప్పుడు పంచాయతీలో పనిచేశాడు. నా అర్జీ చూసి, "ఇలాగ అడిగితే నాను కూడా లేదనే రాస్తానమ్మా" అన్నాడు. నీరే కారణమా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. చట్టం ప్రకారం ఆఫీసు దగ్గర ఉన్న రికార్డు ఇవ్వాలి గానీ మన ప్రశ్నకి జవాబు తయారుచేసి ఇవ్వక్కర్లేదు. "ఫీల్డ్ టెస్ట్ కిట్ రిజిస్టరని ఉంటాది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నకళ్లు ఇమ్మని రాయండి."

రాశాను. పదకొండు పేజీలు వచ్చాయి. కొన్ని గళ్లు ఖాళీ, కొన్ని రోజుల అంకెలు అచ్చు ఒకేలా ఉన్నాయి. వాటిని ఎంతవరకు నమ్మాలన్నది నేను ఇంకా తేల్చుకోలేదు. కానీ నన్ను కాగితం దగ్గరికి చేర్చింది చట్టం ఒక్కటే కాదు, అటెండరు అన్నకి తెలిసిన రిజిస్టరు పేరు కూడా.

ఇదంతా చాట్‌బాట్ చెప్పేస్తుంది కదా మేడమ్

పిల్లలు ఈ మాట అడుగుతారని నాకు తెలుసు, అడిగారు కూడా. న్యాయంగా చెప్పాలి: నాగావళికి పాత పేర్లేమిటని అడిగితే లాంగుల్యా అని టక్కున చెప్పింది. పర్యాయపదాలు పోగెయ్యడంలో అది నాకంటే చురుకు. నేను పదేళ్లలో కూడబెట్టిన పేర్ల చిట్టాలో సగం అది నిమిషంలో రాసిచ్చింది. కాస్త ఈర్ష్య పడ్డాను.

తర్వాత ఆ ఏటి పాత వరదల మీద వ్యాసాలు చెప్పమన్నాను. నాలుగు ఇచ్చింది, పత్రిక పేరు, సంపుటి, పేజీ అంకెలతో సహా. ఒక్కొక్కటీ వెళ్లి చూశాను. రెండు ఎక్కడా లేవు. ఒకదానికి పత్రిక నిజం, సంపుటి నిజం, ఆ పేజీలో ఉన్నది మాత్రం వేరే ఎవరిదో వేరే వ్యాసం. నాలుగోది నిజంగానే ఉంది. దాన్ని చదవమంటే మాత్రం మా తరగతిలో ఎవరూ చదవలేదు, సారాంశం అడిగి రాసేశారు.

అందుకని ఇప్పుడు మా పిల్లలకి ఒక షరతు పెట్టాను. పేర్లు దాన్ని అడగండి, కాగితం మీరు తెరవండి, తెరిచిన పేజీ ఫోటో ప్రాజెక్టులో అతికించండి. మొదటి నెలలో గొణిగారు. ఫోటో ఉన్న ప్రాజెక్టులు పొట్టిగా ఉంటున్నాయి. నాకు అభ్యంతరం లేదు.

పట్టికలో లేని ఊరు

మళ్లీ ఆ నాగావళి అమ్మాయి. గెజిటీర్ వాక్యం దొరికాక ఊపొచ్చి, జనగణన జిల్లా హేండ్‌బుక్ తెరిచింది. అందులో ఒక్కో ఊరికి ఇళ్లెన్ని, జనమెంత, బడి ఉందా, బస్సు వస్తుందా అన్నీ ఉంటాయి. గంట తర్వాత మళ్లీ స్టాఫ్ రూముకి.

"ఈసారి నిజంగానే లేదు మేడమ్."

ఎన్ని స్పెల్లింగులు ప్రయత్నించిందో చూపించింది. ఏడు. ఈసారి నా దగ్గర కూడా ఎనిమిదోది లేదు. చివరికి తేలిందేమిటంటే వాళ్లది రెవెన్యూ గ్రామం కాదు, శివారు. పట్టికలో దాని జనం, దాని ఇళ్లు, దాని బడి అన్నీ రెండు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్దవూరి పేరు కింద కలిసిపోయి ఉన్నాయి. విడిగా అంకె లేదు. ఇంతసేపూ పేర్లు తెలిస్తే చాలన్నట్టు మాట్లాడిన నేను ఆ అమ్మాయి ముందు కాసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. మారుపేరు కింద ఉన్న ఊరిని వెతకొచ్చు. సొంత పేరుతో ఏ పట్టికలోకీ ఎక్కని ఊరిని ఎలా వెతకడం?

వెతకొద్దు, నువ్వే లెక్కెట్టు అన్నాను. అరవై చిల్లర గడపలు. ఆ అమ్మాయి, వాళ్ల తమ్ముడు కలిసి రెండు ఆదివారాల్లో తిరిగారు. ఏ ఇంట్లో ఎవరు ఏ వరద చూశారో కూడా రాసుకొచ్చింది. నానమ్మ వరదలకి సంవత్సరాలు చెప్పలేదట. "మీ తాత పెళ్లప్పటి వరద", "ఎర్రావు కొట్టుకుపోయిన వరద" అని చెప్పింది. వాటిని గెజిటీర్లతోనూ పాత పత్రికలతోనూ జత చెయ్యడం ఇంకా అవలేదు. ఎర్రావు వరద ఏ సంవత్సరమో నాకూ ఆమెకీ చిన్న పందెం నడుస్తోంది.

పోయిన వారం ప్రాజెక్టు మొదటి పేజీ తెచ్చింది. ఊరి పేరు రాయాల్సిన చోట ఖాళీ.

"ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్ రాయమంటారు మేడమ్? నా ఆధార్‌లో ఒకలాగుంది, మా ఇంటి రేషన్ కార్డులో ఇంకోలాగుంది."

రెండూ రాయమన్నాను. తెలుగులో ముందు రాసి.